పెద్దవాళ్ల మీద వేధింపులు: మన ఇళ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురం, కల్యాణదుర్గం, గుంతకల్లు వైపు మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే కుటుంబాలకు, ఆశా కార్యకర్తలకు, ఇళ్లకు వెళ్లి సేవ చేసే ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఏ ఊళ్లో కూర్చున్నా కొన్ని మాటలు తప్పకుండా వస్తాయి. వాటి సంగతి తేల్చకుండా మిగతా పాఠం ముందుకు సాగదు, అందుకే రాస్తున్నాను.

అపోహ: కొడితేనే హింస. మా ఇంట్లో ఎవరూ చెయ్యి చేసుకోలేదు.

కొట్టడం ఒక రకం మాత్రమే. ఒకటో తారీకు 4,000 రూపాయల పింఛను అవ్వ చేతికి రాగానే మనవడు లాక్కుపోతే అది వేధింపే. కళ్లజోడు పగిలి నెలలైనా పట్టించుకోకపోవడం, బీపీ మాత్రలు అయిపోయినా తేకపోవడం, "ఇంకా ఎన్నాళ్లుంటావు" అని మొహం మీదే అనడం, ఒకే ఇంట్లో ఉండి రోజులకు రోజులు పలకరించకపోవడం, అన్నీ దీని కిందికే వస్తాయి. ఏడాది కాలంలో 60 దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది వృద్ధాశ్రమాల లెక్క కాదు, ఇళ్లలో, ఊళ్లలో ఉన్నవాళ్లది. కాబట్టి "ఇట్లాంటివి సిటీల్లోనే" అనే మాట కూడా పక్కన పెట్టండి.

అపోహ: కన్నతల్లిని చూసుకోవడానికి ట్రైనింగ్ ఏంది?

నేను ఎక్కువగా గొడవపడేది ఈ మాటతోనే. ప్రేమ ఉన్నంత మాత్రాన పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి ఎలా లేపాలో తెలిసిపోదు. చంకల కింద చేతులు పెట్టి ఒక్కసారిగా గుంజితే భుజం కీలు దెబ్బతింటుంది, ఆమె అరుస్తుంది, లేపేవాళ్లు విసుక్కుంటారు, రేపటి నుంచి లేపడమే మానేస్తారు, వీపు మీద పుండ్లు పడతాయి. ముందు పక్కకు ఒత్తిగిలించి, కాళ్లు మంచం కిందికి దించి, తర్వాత భుజం వెనక చెయ్యి వేసి కూర్చోబెట్టాలని ఒక్క పూట చేయించి చూపిస్తే ఇదంతా తప్పుతుంది.

బయటివాళ్ల కంటికి ఆనని ఇంకో సంగతి ఉంది. రాత్రి పక్క తడుపుతుందని అవ్వకు మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. మన ఏప్రిల్, మే ఎండలకు అట్లా నాలుగు రోజులు గడిస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది, మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారుతుంది, ఇన్ఫెక్షన్ రావచ్చు, ఉన్నట్టుండి మాట తడబడి సొంత కొడుకునే గుర్తుపట్టకపోవచ్చు. ఇంట్లోవాళ్లేమో మతి చెడిందనుకుని, లేచి పడిపోతుందేమోనని చీర కొంగుతో చెయ్యి మంచానికి కట్టేస్తారు. నీళ్లు తగ్గించినవాళ్లకు ఆమె మీద పగేమీ లేదు, కానీ ఆమె అనుభవించేది మాత్రం హింసే. పగలంతా కొంచెం కొంచెంగా నీళ్లు, మజ్జిగ, గంజి తాగించి పడుకునే ముందు మాత్రమే తగ్గించండి, నిద్రకు ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేపి మూత్రానికి కూర్చోబెట్టండి, పక్క కింద ప్లాస్టిక్ షీటు వేయండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎన్ని నీళ్లు ఇవ్వాలో డాక్టర్ని అడగాలి. హఠాత్తుగా మాట తేడా వస్తే అది ముసలితనం కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి.

అపోహ: ఏమైనా జరిగితే తప్పంతా కోడలిదే.

చాలా ఇళ్లలో మలమూత్రాలు ఎత్తేది ఆమె ఒక్కతే. ఒక కొడుకు బెంగళూరులో, ఇంకొకడు కువైట్‌లో, కూతురు పండక్కి వచ్చి "అమ్మ ఇంత చిక్కిపోయిందేమి" అని నిలదీసి పోతుంది. నెలల తరబడి సరిగ్గా నిద్రలేని మనిషి ఒకరోజు కసురుతుంది, ఆ తర్వాత అదే అలవాటవుతుంది. అది జరగకముందే సాయం చేయాలి. దూరంగా ఉన్న కొడుకులు వారానికి రెండు రోజులు మనిషిని పెట్టుకోవడానికి డబ్బు పంపాలి, కూతురు ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి తానే చేయాలి. ఎవరి వంతు ఎప్పుడో అందరూ ఫోన్లో ఒకేసారి మాట్లాడుకుని కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది.

అయితే ఒళ్లు అలిసి విసుక్కునేవాళ్లూ, పొలం రాయించుకోవడానికి పీడించేవాళ్లూ ఒకటి కాదు. మొదటివాళ్లకు సాయం అందితే మారతారు. రెండోవాళ్లకు నా క్లాసు చాలదు, చట్టమే కావాలి.

అపోహ: ఆస్తి రాసిచ్చాక ఇంక చేసేదేమీ లేదు.

ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మన దగ్గర ఆర్డీవో ట్రిబ్యునల్‌గా ఉండి కేసు వింటారు. సంతానం నుంచి నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. మామూలుగా ముందు రాజీకే చూస్తారు, కాబట్టి దరఖాస్తు ఇస్తే కొడుకు జైలుకు పోతాడనే భయం వద్దు. ఇదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా అర్థం చేసుకోవాలని 2025 జనవరిలో చెప్పింది. అందుకే గిఫ్ట్ డీడ్ రాయించేటప్పుడు "తిండి, వైద్యం, నీడ ఇస్తూ చూసుకోవాలి" అనే వాక్యం పెట్టమని డాక్యుమెంట్ రైటర్‌తో గట్టిగా చెప్పండి. నన్నడిగితే బతికుండగా మొత్తం రాసివ్వడమే వద్దు. వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అపోహ: అవ్వే ఏమీ లేదంటుంది కదా.

కొడుకు పక్కన నిలబడి ఉండగా అడిగితే "బాగానే చూసుకుంటారమ్మా" అనే అంటుంది. మరి ఏమంటుంది, రాత్రికి ఉండాల్సింది ఆ ఇంట్లోనే కదా. ఆశా కార్యకర్తలకు నేను చెప్పేది, బీపీ చూసే వంకతో ఒంటరిగా కూర్చోండి. "ఎవరైనా కొడుతున్నారా" అని అడగొద్దు. నిన్న రాత్రి ఏం తిన్నావవ్వా, మాత్రలు ఎవరిస్తారు, పింఛను డబ్బులు ఎవరి దగ్గరుంటాయి, ఇట్లా అడగండి. జబ్బల మీద వేళ్లు అదిమిన గుర్తులు, ఎండాకాలంలో కూడా నిండుగా కప్పిన చేతులు, మనిషి లోపలికి రాగానే ఆగిపోయే మాట గమనించండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు చిన్న తాకిడికే చర్మం కమిలిపోతుంది, ఒక్క గుర్తు చూసి నిందేయొద్దు. తారీకుతో రాసిపెట్టుకుని మళ్లీ వెళ్లండి.

సాయం కోసం ఎల్డర్ లైన్ 14567కు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పక్కింటివాళ్లు కూడా చేయవచ్చు. ప్రాణం మీదికి వస్తే 112. అవ్వ తెలివిగా ఉండి "ఫోన్ చేయొద్దు తల్లీ" అంటే, అప్పటికప్పుడు ప్రమాదం లేదనిపిస్తే ఆమె మాట వినండి, కానీ పోవడం మానకండి. నంబరు పెద్ద అక్షరాలతో రాసి, తన ఆధార్ కార్డు దాచుకునే చోటే పెట్టుకోమనండి.