గోటి రంగు చెప్పే బలం

వేలి కొనతో బల్లను నొక్కి గోటిని చూడండి. గోటి ముందు అంచు పాలిపోతుంది, దాని వెనక ఎర్రబడుతుంది. సర్జన్ చేతి బలాన్ని కొలవడానికి ఇంతకన్నా అందమైన ఉపాయం నాకు తెలియదు.

అసలు కొలవడం ఎందుకు? "ఇంకాస్త మెత్తగా" అని గురువు అంటారు. ఎంత మెత్తగానో శిష్యుడి వేలికి ఎలా తెలుస్తుంది? అమెరికా సర్జన్ కార్లా ప్యూ బృందం సెన్సార్లు అమర్చిన రొమ్ము నమూనాలను 500కు పైగా వైద్యుల చేత పరీక్ష చేయించి, 2015లో ఫలితాలు ప్రకటించింది. 10 న్యూటన్ల కన్నా తక్కువ బలంతో, అంటే సుమారు కిలో బరువు కన్నా తక్కువగా నొక్కినవారికి ఛాతీ గోడ దగ్గరి గడ్డ అందకుండా పోయే ప్రమాదం ఎక్కువని తేలింది. పక్కన నిలబడి చూసేవారి కంటికి ఈ తేడా ఆనదు.

మంచి వైద్యుడిది హస్తవాసి అంటాం, పుట్టుకతో వచ్చిన వరమనుకుంటాం. ఆ నమ్మకం రోగికి ధైర్యమిస్తుంది కాని, నేర్చుకునేవారికి అన్యాయం చేస్తుంది. వరమే అయితే సాధన ఎవరు చేస్తారు?

గ్లవ్ వేలి కొనకు పలుచని సెన్సార్ పొర అతికించడం మొదట తట్టే మార్గం. నొక్కితే అందులోని వాహక కణాలు ఎక్కువ చోట్ల తాకుతాయి, విద్యుత్ నిరోధం తగ్గుతుంది. కాని వేలు వంచినా రీడింగ్ మారుతుంది, ఒకే బలంతో నొక్కి ఉంచినా అది మెల్లగా మారుతూ పోతుంది, వదిలితే పెరిగిన దారినే తిరిగి తగ్గదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి: చర్మానికీ కణజాలానికీ మధ్య ఆ పొర అడ్డు నిలిచి, సర్జన్ నమ్ముకున్న స్పర్శనే మొద్దుబారుస్తుంది.

అందుకే నాకు గోరు ఇష్టం. ఎంఐటీలో స్టీఫెన్ మస్కారో, హ్యారీ అసాడా 2001 ప్రాంతంలో గోటిపై చిన్న ఎల్‌ఈడీలు, కాంతిని పట్టే డయోడ్లు పెట్టారు. వేలిని నొక్కితే గోటి కింది రక్తం చోటు మారుతుంది. హీమోగ్లోబిన్ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, రక్తం ఖాళీ అయిన చోటు నుంచి ఎక్కువ కాంతి వెనక్కి వస్తుంది. తేలికగా నొక్కితే సిరల్లో రక్తం నిలిచి గోరు ఎర్రబడుతుంది, ఇంకా నొక్కితే కొన దగ్గరి కేశనాళికలు మూసుకుని తెల్లబడుతుంది. పక్కకు నెడితే తెలుపు, ఎరుపు మరో ఆకారంలో పరుచుకుంటాయి. బలంతోపాటు దాని దిశ కూడా తెలుస్తుందన్నమాట! వేలి కొన మాత్రం ఖాళీగానే ఉంటుంది.

దీన్ని సర్జరీ కోసం కనిపెట్టలేదు, పరిమితులూ ఉన్నాయి. కొన్ని న్యూటన్లు దాటాక ఎంత నొక్కినా గోరు అంతకన్నా తెల్లబడదు. ఒకరి గోరు మరొకరి గోరులా ఉండదు కనుక ప్రతి వేలికీ విడిగా సరిచూసుకోవాలి. ఎముకల శస్త్రచికిత్సకు ఇది చాలదు, సున్నితమైన కుట్లు నేర్పడానికి మాత్రం పనికొస్తుందని నా ఆశ.

కుట్టు ముడి మరీ బిగిస్తే కణజాలానికి రక్తం అందదు, వదులైతే గాయం విడిపోతుంది. గరిష్ఠ బలం ఎంతన్నది ఒక్కటే చాలదు, అది ఎంత వేగంగా పెరిగిందో కూడా చూడాలి. క్షణక్షణం బలం ఎలా మారిందో చూపే గురువు గ్రాఫునూ శిష్యుడి గ్రాఫునూ ఒకదానిపై ఒకటి పెడితే, ముడిలో ఏ మెలిక దగ్గర చెయ్యి తొందరపడిందో దొరుకుతుంది. ఆ మెలికనే మళ్లీ వేయించవచ్చు.