ఇవ్వని జీతంలో కోత: అపోహలు - వాస్తవాలు

"సార్, మూడు నెలలుగా జీతం రాలేదు. రేపు సెలవు పెడితే ఒక రోజు జీతం కట్ చేస్తామంటున్నారు. పెట్టమంటారా, వద్దా?" జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. నవ్వొస్తుంది గానీ నవ్వలేను. అవతలి మనిషికి అది నిజమైన భయం.

అపోహ: ఉద్యోగం మానేస్తే పాత బాకీ పోతుంది.

పోదు. ఎవరు పుట్టిస్తారో గానీ ఈ పుకారును నమ్మే జనం అక్కడే పడి ఉంటారు, మూడు నెలల బాకీ ఏడు నెలలవుతుంది. చేసిన పనికి జీతం మీ సంపాదన, యజమాని దయ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి 95వ ఒప్పందం కూడా ఉద్యోగం ముగిశాక రావాల్సిందంతా లెక్క తేల్చి ఇవ్వాలనే చెబుతుంది. నోటీసు పీరియడ్ పేచీ ఉంటే అది వేరే లెక్క. పైగా ఫిర్యాదుకు చాలా దేశాల్లో గడువు ఉంటుంది. ఎదురుచూసిన కొద్దీ ఆ గడువు కరిగిపోతుంది. జీతం ఆపి పెట్టడాన్ని అదే సంస్థ వెట్టిచాకిరీని గుర్తుపట్టే 11 సూచికల్లో ఒకటిగా పెట్టింది. కావాలని ఆపి మనిషిని కదలనివ్వకపోవడం అంత చిన్న విషయం కాదు.

అపోహ: లేని జీతంలో కోతే కదా, ఉత్తుత్తి బెదిరింపు.

నేనూ అలాగే అనుకున్నాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట రెండు నెలలుగా ఎవరికీ జీతాల్లేవు. పది నిమిషాలు లేటైతే సగం రోజు కట్ అని సర్క్యులర్ తీయమన్నారు. ప్రింటర్‌లో ఇంకు లేదు, కొనడానికి డబ్బుల్లేవు. చేత్తోనే రాసి గోడకు అంటించాను. మా అటెండరు నిలబడి మొత్తం చదివి, "ఏ నెల జీతంలో అండీ?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం.

నెలాఖరున షీటు తెరిస్తే 'చెల్లించినది' గడి నిండా సున్నాలే. 'కోత' గడి మాత్రం కళకళలాడుతోంది. అంటే మాకు బాకీ ఉన్న మనిషే, పైసా తీయకుండా, తన బాకీ తగ్గించుకుంటున్నాడు! చట్టమో, యజమానితో కార్మిక సంఘం కుదుర్చుకున్న ఉమ్మడి ఒప్పందమో, మధ్యవర్తి తీర్పో అనుమతించిన కోతలే చెల్లుతాయని ఆ 95వ ఒప్పందంలోనే ఉంది. కాబట్టి కోత వేసిన రోజే ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా చెప్పండి.

మిగతావి గబగబా. కంపెనీ దివాలా తీస్తే జీతం గోవిందా అంటారు, కానీ చాలాచోట్ల జీతాల బాకీకి ప్రాధాన్యం ఉంటుంది. ఆఫర్ లెటర్ లేకపోయినా హాజరు మెసేజ్‌లు, పాత బ్యాంకు జమలు సాక్ష్యానికి పనికొస్తాయి. లాగిన్ పోకముందే దాచుకోండి. ఇక స్టైపెండ్ లేని ఇంటర్న్‌కు కూడా "కట్ చేస్తా" అనే మేనేజర్లున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ ఫోన్ చేసినాయన సెలవు పెట్టాడు. "మూడు నెలల జీతం వేసి, అందులో ఆ ఒక్క రోజుది పట్టుకోండి" అని మెయిల్ కూడా పెట్టాడు. ఇంకా జవాబు రాలేదట.