‘చీర కట్టడం రాకపోతే సిగ్గుపడాలి’: సబ్యసాచి మాట వెనుక నూటయాభై ఏళ్ల కథ

2018 ఫిబ్రవరి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఏటా జరిగే ఇండియా కాన్ఫరెన్స్‌కి కోల్‌కతా ఫ్యాషన్ డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ వెళ్లారు. ఈ కాలపు ఆడపిల్లలకి చీర కట్టుకోవడం ఎందుకింత కష్టమవుతోందన్న ప్రస్తావన వచ్చింది. చీర కట్టడం రాదని ఎవరైనా నాతో అంటే సిగ్గుపడాలంటాను అని ఆయన జవాబిచ్చారు. అది మీ సంస్కృతిలో భాగం, దాని పక్షాన నిలబడాలి అన్నారు. చీర కట్టడం చాలా తేలికని, చీరలోనే యుద్ధాలు చేశారని, అమ్మమ్మలు చీరతో పడుకుని మడత నలగకుండా లేచేవారని కూడా చెప్పుకొచ్చారు.

అప్పటికి రెండు నెలల ముందే, 2017 డిసెంబరులో, ఇటలీలో జరిగిన అనుష్క శర్మ, విరాట్ కోహ్లీల పెళ్లికి బట్టలు కుట్టింది ఆయనే. పెళ్లి అనగానే ఆయన పేరే వినబడుతున్న రోజులు. అంత పేరున్న మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టే ‘సిగ్గు’ అన్న మాట మామూలు మాటలా పోలేదు.

ఒక్క రోజులో సోషల్ మీడియా భగ్గుమంది. మగవాళ్లు పంచె ఎప్పుడో వదిలేసి ప్యాంట్లలోకి మారినప్పుడు ఎవరికీ రాని సిగ్గు మాకెందుకు రావాలని ఆడవాళ్లు అడిగారు. నిజానికి పంచె చచ్చిపోయిందనీ, చీరని బతికించింది ఆడవాళ్లేననీ ఆయన కూడా ఆ సభలోనే అన్నారు. కానీ ఆ మెచ్చుకోలు పక్కకి పోయింది, చివాటు మిగిలింది. అస్సాంలో మేఖేలా చాదర్ కట్టేవాళ్లు, మేఘాలయలో జైన్‌సెమ్ వేసుకునేవాళ్లు, పంజాబ్, కశ్మీర్ ఆడవాళ్లు భారతీయులు కారా అని ఇంకొందరు నిలదీశారు. లక్షల ఖరీదు చేసే లెహంగాలు అమ్మే మనిషి చీర గురించి పాఠం చెప్పడమేమిటన్నవాళ్లూ ఉన్నారు. కొన్ని రోజుల్లోనే ఆయన బహిరంగ లేఖ రాసి, ‘సిగ్గు’ అన్న మాట వాడినందుకు క్షమాపణ చెప్పారు. చీర కడితే వయసు మీరినట్టు కనిపిస్తామని సమాజం అంటోందని ఒకావిడ అడిగిన ప్రశ్నకి జవాబుగా, చీరని చిన్నచూపు చూసేవాళ్ల మీద ఏళ్లుగా ఉన్న చిరాకుతో ఆ మాట వచ్చిందని వివరణ ఇచ్చుకున్నారు.

ఆ చిరాకు బూటకం అని నేననుకోను. నేత చీరల్ని లాభాపేక్ష లేకుండా అమ్మి, ఆ డబ్బు ముర్షిదాబాద్ నేతగాళ్లకి చేర్చే పథకం నడిపిన మనిషాయన. పొరపాటు ఇంకెక్కడో ఉంది. చీర కట్టు అన్నది ఆడపిల్లకి పుట్టుకతో వచ్చేసే విద్య అనీ, అది రాకపోవడం ఆమె తప్పనీ ఆయన అనుకున్నారు. ఆయన పుట్టిన బెంగాల్ చరిత్రే దానికి అడ్డం పడుతుంది.

1860లలో సత్యేంద్రనాథ్ ఠాగూర్ భారతీయుల్లో తొలి ఐసీఎస్ అధికారిగా బొంబాయి ప్రాంతానికి ఉద్యోగానికి వెళ్లినప్పుడు భార్య జ్ఞానదానందిని దేవి కూడా వెళ్లింది. అప్పటి బెంగాలీ ఇళ్లలో ఆడవాళ్లు లోపల జాకెట్టు, లంగా లేకుండా ఒంటి చీర చుట్టుకునేవారు. అది గడప లోపలికి సరిపోయే కట్టు. నలుగురిలోకి వెళ్లాలంటే ఏం కట్టుకోవాలన్నది ఆమెకి ఎదురైన చిక్కు. బొంబాయిలో పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి నేర్చుకుంది. పైటని ఎడమ భుజం మీదికి మార్చి, జాకెట్టు, లంగా జతచేసింది. కలకత్తా తిరిగొచ్చాక ఈ కట్టు నేర్పుతానని పత్రికలో ప్రకటన ఇచ్చిందంటారు. బ్రహ్మసమాజం ఇళ్లలోని ఆడవాళ్లు వచ్చి నేర్చుకున్నారు, అందుకే దానికి ‘బ్రాహ్మిక’ చీర అని పేరొచ్చింది. అంటే బెంగాల్‌లో పెద్దింటి ఆడవాళ్లు సైతం చీర కట్టు ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లే. రాదని ఆమె ఎవరినీ సిగ్గుపడమనలేదు, రమ్మని పిలిచి నేర్పింది.

ఇప్పుడు దేశమంతా చీర కట్టు అంటే గుర్తొచ్చేది ముందు కుచ్చిళ్లు పోసి, ఎడమ భుజం మీద పైట వేసే పద్ధతి. దానికి ‘నీవి’ అని పేరు. ఈ కట్టు ఆంధ్ర, దక్కన్ ప్రాంతాలదని చీర చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. నీవి అంటే మన భాషలో పోకముడి, నడుము దగ్గర చీరని పట్టి ఉంచే ముడి. అలాగని తెలుగు ఆడవాళ్లందరూ మొదటినుంచీ ఇలాగే కట్టారనుకుంటే పొరపాటు. మా నాయనమ్మది గోచీ కట్టు, పదహారు మూరల చీర. ఇప్పటి ఐదున్నర మీటర్ల చీర చేతికిస్తే ‘ఇది ఏ మూలకొస్తుందే’ అనేది. ఒకసారి పెళ్లికని మేమంతా చేరి ఆవిడకి లంగా తొడిగి, కుచ్చిళ్లు పోసి, భుజం దగ్గర పిన్ను పెట్టాం. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కాళ్లకి అడ్డం పడుతోందంది. లోపలికి పోయి రెండు నిమిషాల్లో అంతా విప్పేసి, తన చీర తను గోచీ పోసి కట్టుకుని బయటికొచ్చింది. ఎక్కడా ఒక్క పిన్ను లేదు. ఆవిడ కట్టు నాకు రాదు, నా కట్టు ఆవిడకి రాదు. ‘సిగ్గుపడాలి’ అన్న మాట విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే.

బట్ట చుట్టూ సిగ్గుని, పరువుని అల్లడం ఈ దేశంలో కొత్తది కాదు. అది ఒక్కోచోట ఒక్కో దిక్కున పనిచేసింది. ఇప్పటి కేరళ వైపున్న తిరువాంకూర్ సంస్థానంలో నాడార్ కులపు ఆడవాళ్లు రొమ్ము కప్పుకుంటే అగ్రకులాల వాళ్లు దాడులు చేశారు. పై బట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో సంస్థానం ఒప్పుకుంది, అదీ షరతులతో. అక్కడ కప్పుకోవడమే నేరం. తర్వాతి తరాల్లో కప్పుకోకపోవడం నేరమైంది. మన ఊళ్లలో రవిక లేకుండా బతికిన ముసలమ్మల్ని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మనవరాళ్లకి మాత్రం చున్నీ లేకుండా వీధిలోకి రావద్దని చెప్పారు. సిగ్గు ఏది, మర్యాద ఏది అన్నది ప్రతిసారీ వేరేవాళ్లే తేల్చారు, తొడుక్కునేవాళ్లు కాదు.

స్వదేశీ ఉద్యమం దీనికి దేశభక్తిని జోడించింది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో విదేశీ వస్తువుల బహిష్కరణకి పిలుపునిచ్చారు. ఆ రోజు గుర్తుగానే 2015 నుంచి ఆగస్టు 7ని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నాం. నేత బట్ట కట్టడం నేతగాడి కడుపు నింపుతుందన్న మాటలో న్యాయం ఉంది. కానీ దేశం పరువంతా ఆడదాని పైట కొంగున ముడివేసే అలవాటు కూడా ఆ దారిలోనే స్థిరపడింది. హార్వర్డ్‌లో వినబడిన ‘మీ సంస్కృతి, మీరు నిలబడాలి’ అన్నది ఆ పాత గొంతే.

ఆ లేఖతో ఆయన చుట్టూ వివాదాలు ఆగలేదు. 2019 జులైలో నగల ప్రచారం కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టారు. ఎవరైనా ఆడమనిషి మితిమీరి అలంకరించుకుని, మేకప్ దట్టించి, నగలు దిగేసుకుని కనిపిస్తే ఆమె లోపల గాయపడి ఉండొచ్చని దాని సారం. మా ముస్తాబు మా ఇష్టం, దానికి మా మనసులో పుండు వెతకడానికి మీరెవరని మళ్లీ ఆడవాళ్లే అడిగారు. పెళ్లికూతుళ్లని నిలువెల్లా నగలతో ముంచెత్తే వ్యాపారం ఆయనదే కావడం ఆ కోపాన్ని ఇంకా పెంచింది. మళ్లీ క్షమాపణ చెప్పారు.

2021 జనవరిలో ఆదిత్య బిర్లా ఫ్యాషన్ సంస్థ ఆయన కంపెనీలో 51 శాతం వాటాను 398 కోట్ల రూపాయలకి కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది ఆగస్టులో స్వీడన్ రెడీమేడ్ సంస్థ హెచ్ అండ్ ఎం కోసం ఆయన చేసిన బట్టలు మార్కెట్లోకి వచ్చాయి, వచ్చీ రాగానే అమ్ముడైపోయాయి. అందులో 9,999 రూపాయల చీర కూడా ఉంది. ఈసారి నిరసన చేతివృత్తుల సంస్థల నుంచి వచ్చింది. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో చెక్క అచ్చులతో చేత్తో అద్దే పూల నమూనాల్ని తలపించే డిజైన్లని మెషీన్ మీద ముద్రించి ‘భారతీయత’ పేరుతో ప్రపంచమంతా అమ్మారనీ, ఆ కళ చేతిలో ఉన్నవాళ్లకి మాత్రం కనబడే లాభమేదీ దక్కలేదనీ ఆ సంస్థలు బహిరంగ లేఖ రాశాయి. భారతీయ డిజైన్‌ని ప్రపంచ పటం మీద పెట్టడమే తన ఉద్దేశమని ఆయన సమాధానమిచ్చారు. ఈ బాధ మనకి బాగా తెలిసిందే. పోచంపల్లి డిజైన్‌ని పాలిస్టర్ మీద అచ్చు కొట్టి, ‘పోచంపల్లి’ అనే పేరుతోనే మన బజార్లలో నేత చీర కంటే చాలా తక్కువకి అమ్ముతుంటారు.

మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు చివర్లో, ఆయన కంపెనీ మంగళసూత్రం ప్రకటన. లోదుస్తుల్లో ఉన్న ఆడమనిషి మెడలో మంగళసూత్రం కనిపించేలా తీసిన ఫొటోలు. అది, పండగ బట్టలకి జశ్న్-ఎ-రివాజ్ అన్న ఉర్దూ పేరు పెట్టినందుకు ఫ్యాబ్ ఇండియా, ఉత్తరాదిలో భార్యలు భర్త కోసం చేసే కర్వా చౌత్ నోముని ఇద్దరు ఆడవాళ్ల జంట చేసినట్టు చూపినందుకు డాబర్ తమ ప్రకటనల్ని వెనక్కి తీసుకున్న నెల. అక్టోబరు 31న మధ్యప్రదేశ్ హోంమంత్రి నరోత్తమ్ మిశ్రా, 24 గంటల్లో ప్రకటన తీసేయకపోతే కేసు పెడతామని హెచ్చరించారు. 24 గంటలు అక్కర్లేకపోయింది. సమాజంలో ఒక వర్గం నొచ్చుకోవడం బాధ కలిగించిందంటూ ఆ సాయంత్రమే కంపెనీ ప్రకటన ఉపసంహరించుకుంది.

ఈ నాలుగు గొడవల్నీ ఒకే గాటన కట్టి ‘ట్రోలింగ్’ అని తేల్చేయడం నాకు నచ్చదు. మొదటి రెండింటిలో ఆడవాళ్లు తమ ఒంటి మీద మాట తమదేనన్నారు, క్షమాపణ సంపాదించారు. నాలుగోది పోలీసుల్ని చేతిలో పెట్టుకున్న మంత్రి బెదిరింపు, ఆ దెబ్బ ఎవరి మీద పడినా తప్పే. చేతిపనివాళ్ల తిండికి సంబంధించిన గొడవ మూడోదొక్కటే. తొందరగా మరుగున పడింది కూడా అదే.

మగ్గం దగ్గర పరిస్థితి ఏమిటో లెక్కలున్నాయి. 2009-10 చేనేత గణనలో దేశంలో 43 లక్షల మందికి పైగా నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు ఉంటే 2019-20 గణన నాటికి 35 లక్షలకి పడిపోయారు. వాళ్లలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్లు. ఆ గణన నాటికి మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం ఐదు వేలు దాటలేదు.

పోచంపల్లి తరహా చీర నేయాలంటే నూలుని అక్కడక్కడా ముడులు బిగించి (దీన్నే చిటికి కట్టడం అంటారు) రంగులో ముంచడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. తరతరాలుగా ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పితో ఇక నావల్ల కాదంది. ఆయన ఏళ్ల తరబడి అవస్థ పడి, అప్పులు చేసి, 1999లో ఆసు పోసే యంత్రాన్ని పూర్తిచేశారు. కోల్‌కతాలో సబ్యసాచి తన బ్రాండు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. యంత్రం మీద ఆ పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో మల్లేశంకి పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టుకున్నారు, లక్ష్మీ ఆసు యంత్రం అని.