గడియారం గంట జరిగితే వేలం ఎప్పుడు ముగిసినట్టు?

వేసవిలో పగటి వెలుగును ఎక్కువగా వాడుకోవడానికి అమెరికాలో ఏటా మార్చి రెండో ఆదివారం, అర్ధరాత్రి దాటి 2 గంటలు కాగానే గడియారాన్ని 3కు జరుపుతారు. కాలిఫోర్నియాలో ఇది జరిగే క్షణానికి మనకు మధ్యాహ్నం 3:30. నవంబరు మొదటి ఆదివారం 2 కాగానే మళ్ళీ 1కి తెస్తారు. ఆన్‌లైన్ వేలాల్లో పాల్గొనేవారికి ఈ రెండు వారాంతాలూ చిక్కు తెచ్చిపెడతాయి. ఇంకా గంట ఉందనుకున్న పాట ముగిసిపోయి ఉంటుంది. ఆదివారం రాత్రి 7కు ముగుస్తుందని అమ్మకందారు పెట్టిన పాట 6కే ముగుస్తుంది. కంప్యూటర్ తప్పు చేసిందని సరిపెట్టుకోవడం సులువే. నా దృష్టిలో అసలు చిక్కు వేలం ముగింపును గోడగడియారం లెక్కలో చెప్పడంలో ఉంది. ఆ గడియారాన్ని జరిపే అధికారం వేలం నడిపేవారిది కాదు, ప్రభుత్వాలది.

మనకు తెలిసిన వేలం పాటకు గడియారంతో పనే లేదు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో 1994 నుంచి జరుగుతున్న గణపతి లడ్డూ వేలాన్నే చూడండి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాక ఎవరూ పాట పెంచకపోతే అది ముగిసినట్టు. ఎవరైనా పెంచితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ముగింపును నిర్ణయించేది పాటదారుల మౌనం.

సమయంతో ముగించే పద్ధతి కూడా పాతదే. 17వ శతాబ్దపు ఇంగ్లండులో అంగుళం కొవ్వొత్తి వెలిగించి వేలం మొదలుపెట్టేవారు. అది ఆరిపోయే ముందు చివరగా పలికిన ధరకే వస్తువు దక్కేది. నౌకాదళ కార్యాలయ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ 1662లో ఇలాంటి ఓడల వేలం చూసి ఒక సంగతి రాసిపెట్టుకున్నాడు. అందరికంటే నేర్పుగా పాడిన వ్యక్తిని కిటుకు అడిగితే, వత్తి ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుందని, అది చూసి చివరి పాట తాను పాడతానని చెప్పాడట. ఆఖరి క్షణం దాకా ఆగి ధర పలకడాన్ని ఇప్పుడు స్నైపింగ్ అంటున్నాం. ముగింపు ముందే తెలిసే వేలంలో ఈ ఎత్తు పుట్టక తప్పదు.

1995 సెప్టెంబరులో పియెర్ ఒమిడ్యార్ కాలిఫోర్నియాలో ఆక్షన్‌వెబ్ పేరుతో మొదలుపెట్టిన సైటే తర్వాత ఈబే అయింది. అక్కడ వేలం నిర్ణీత సెకనుకు ఆగిపోతుంది, ఆ సెకనును కాలిఫోర్నియా పాటించే పసిఫిక్ కాలమానంలో చూపేవారు. అమెజాన్ 1999లో తెచ్చిన వేలాల్లో మాత్రం చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు పెరిగేది. ఈ రెండింటినీ పోల్చి ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆఖరి నిమిషపు బిడ్లు ఈబేలోనే చాలా ఎక్కువని, అక్కడ అనుభవం ఉన్నవారు మరింత ఆలస్యంగా పాడతారని వారు చూపారు. పది సెకన్ల తేడాతో వస్తువు చేజారే చోట గంట తేడా వస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

గడియారం జరపాలన్న ఆలోచన విద్యుత్ వెలుగులు కొత్తగా వస్తున్న కాలానిది. న్యూజిలాండ్‌లో పురుగులను సేకరించే జార్జ్ హడ్సన్ 1895లో ప్రతిపాదించాడు. ఇంగ్లండులో విలియం విల్లెట్ 1907 నుంచి ప్రచారం చేశాడు. అమలులోకి తెచ్చింది యుద్ధం: 1916 ఏప్రిల్ 30న జర్మనీ, మే 21న బ్రిటన్, 1918లో అమెరికా. రైతులు గట్టిగా వ్యతిరేకించడంతో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు విల్సన్ వీటోను కాదని 1919లో దాన్ని ఎత్తేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ తెచ్చారు. 1942 నుంచి 1945 దాకా మన దేశంలోనూ గడియారాలు గంట ముందు నడిచాయి.

యుద్ధం తర్వాత అమెరికాలో ఏ ఊరి ఇష్టం ఆ ఊరిదయింది. ఒహాయోలోని స్టూబెన్‌విల్ నుంచి వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్‌కు 35 మైళ్ళ బస్సు ప్రయాణంలో ఏడుసార్లు గడియారం సరిచేసుకోవాల్సి వచ్చేదని చెబుతారు. 1966 చట్టం దీన్ని ఒక దారికి తెచ్చింది. అయినా హవాయి, అరిజోనాలోని అధిక భాగం నేటికీ గడియారం జరపవు.

ఇక కంప్యూటర్ సంగతి. యూనిక్స్ అనే ఆపరేటింగ్ వ్యవస్థ పద్ధతిలో అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెడుతూ పోతుంది. ఆ లెక్కకు వేసవి తెలియదు, చట్టం తెలియదు. తెరపై సాయంత్రం 6 అని కనిపించాలంటే ఏ ప్రాంతంలో ఏ రోజున గడియారం ఎంత జరుగుతుందో చెప్పే పట్టిక కావాలి. ఇలాంటి పట్టికల్లో ప్రధానమైనదాన్ని 1980లలో మొదలుపెట్టింది ఆర్థర్ డేవిడ్ ఓల్సన్. దాన్ని ఏళ్ళ తరబడి మోసింది స్వచ్ఛంద కార్యకర్తలే. ప్రపంచం వాడుకునే సమయానికి ఆధారమైన ఈ పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను.

పట్టిక పాతబడితే ఏమవుతుందో 2007లో తెలిసింది. 2005 ఆగస్టులో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఇంధన చట్టం, మార్పును ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారానికి, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారానికి జరిపింది. 2007 మార్చి 11న అది మొదటిసారి అమలైంది. పాత పట్టిక ఉన్న కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, ఏప్రిల్ 1 దాకా గంట వెనకే ఉంటుంది. వేలం సాయంత్రం 6కు ముగుస్తుందని పేజీలో చదివి, తన కంప్యూటర్‌లో 5:59 కోసం కాచుకున్న మనిషి దాదాపు గంట ఆలస్యంగా పాడబోతాడు. ఆ అక్టోబరు 28న పాత పట్టిక వారం ముందే గడియారాన్ని వెనక్కి తిప్పింది. అప్పుడూ అతను గంట ఆలస్యమే.

చేత్తో గడియారం సరిచేసుకున్నవారికీ పూర్తి ఊరట దొరకలేదు. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే ఏర్పాటు ఉంటే, అది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) లెక్కను సరిదిద్ది పాత పట్టిక ప్రకారమే మళ్ళీ తప్పు చూపేది. అప్పటికి సాధారణ మద్దతు ముగిసిన విండోస్ 2000కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా సవరణ ఇవ్వలేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు సొంత పట్టిక ఉండేది కాబట్టి, విండోస్‌ను సరిచేసినా జావాలో రాసిన ప్రోగ్రాములు గంట తప్పే అవకాశం ఉండేది. ఆఖరి సెకన్లలో మన తరఫున పాడే ప్రోగ్రాముల్లో జావాలో రాసినవీ ఉన్నాయి.

పట్టిక సరిగా ఉన్నా తేలని ప్రశ్న ఒకటుంది. ఏడు రోజుల వేలం అంటే 168 గంటలా, వచ్చే వారం ఇదే సమయమా? మామూలు వారంలో రెండూ ఒకటే. నవంబరు మార్పుకు ముందు ఆదివారం రాత్రి 7కు పెట్టిన వేలం, గంటలు లెక్కిస్తే తర్వాతి ఆదివారం 6కే ముగుస్తుంది. మార్చిలో అయితే 8కి. జనం ఇంట్లో తీరిగ్గా ఉండే సమయం చూసి పెట్టిన అమ్మకందారుకు ఇది నష్టమే.

నవంబరు ఆదివారం 1 నుంచి 2 దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. బిడ్లను స్థానిక సమయంతో రాసి ఉంచే వ్యవస్థలో, మొదటి 1:40కి వచ్చిన బిడ్ కంటే అరగంట తర్వాత, రెండో 1:10కి వచ్చిన బిడ్ ముందుదిగా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే మొత్తం పలికితే ముందు పాడినవారిదే వస్తువు అన్న నియమం ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. యూటీసీలో రాసుకుని, చూపేటప్పుడే స్థానిక సమయానికి మార్చాలన్న పాఠం ప్రోగ్రామర్లు ఇలాంటి దెబ్బలతోనే నేర్చుకున్నారు.

మన దేశంలో గడియారం జరగదు గనుక ఇక్కడి బిడ్డర్లకు తేడా అటు నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో సాయంత్రం 6కు ముగిసే నాణేల వేలం మనకు వేసవిలో మర్నాడు ఉదయం 6:30కి, చలికాలంలో 7:30కి ముగుస్తుంది. అమెరికా వేళల్లో పనిచేసే హైదరాబాద్ ఉద్యోగుల షిఫ్టులు ఏటా రెండుసార్లు మారేది ఇందుకే. యూరప్ మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుతుంది. అందువల్ల మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం లండన్, న్యూయార్క్‌ల మధ్య తేడా అయిదు గంటలకు బదులు నాలుగే. పేజీ మీద ఏడాది పొడుగునా పీఎస్‌టీ (పసిఫిక్ ప్రాంతపు చలికాల సమయం) అని రాసి ఉంచే అమ్మకందార్లు ఈ గజిబిజిని ఇంకా పెంచుతారు. మిగిలిన గంటలు, నిమిషాలు చూపే లెక్కనే నమ్మాలని కొత్తవారికి నేను చెబుతుంటాను.

గడియారం జరపడం మానేయాలని 2019 మార్చిలో యూరప్ పార్లమెంటు ఓటు వేసింది, సభ్యదేశాలు ఒప్పందానికి రాలేదు. వేసవి సమయాన్నే శాశ్వతం చేసే బిల్లును అమెరికా సెనేట్ 2022 మార్చి 15న ఏకగ్రీవంగా ఆమోదించింది, ప్రతినిధుల సభలో అది ఆగిపోయింది. మెక్సికో మాత్రం 2022 అక్టోబరులో దేశంలో అధిక భాగానికి ఈ పద్ధతిని రద్దు చేసింది. 2023 ఏప్రిల్ మొదటి ఆదివారం, పాత పట్టికతోనే ఉన్న కొన్ని ఫోన్లు అక్కడ తమంతట తామే గంట ముందుకు జరిగాయి. 2007 నాటి కంప్యూటర్ల తప్పుకు ఇది తిరగబడిన రూపం. అలాంటి ఫోను చూసుకుని పాట ముగిసిపోయిందనుకున్నవారికి నిజానికి ఇంకా గంట వ్యవధి ఉంది.