బచ్చన్ డైరీ, ఆమిర్ బిస్కెట్, వర్మ ఎదురుజవాబు

హీరో అర్ధరాత్రి పెట్టిన పోస్టు తెల్లారేసరికి వార్తయిపోవడం ఇప్పుడు మామూలే గానీ, మన దేశంలో ఈ సందడి బాగా ముదిరింది 2008లో. ఆ ఏప్రిల్‌లో అమితాబ్ బచ్చన్, అనిల్ అంబానీ గ్రూపు వాళ్ల బిగ్‌అడ్డా అనే సోషల్ నెట్‌వర్కింగ్ సైటులో బ్లాగు మొదలుపెట్టారు. సైటుకి జనం కావాలి, ఆయనకి మధ్యలో విలేకరి లేని చోటు కావాలి. ఎమర్జెన్సీ నాటి గొడవతో సినిమా పత్రికలు కొన్ని ఆయన్ని ఏళ్ల తరబడి బహిష్కరించాయి, ఆయనా వాళ్లని గడప తొక్కనివ్వలేదు, కాబట్టి ఈ కోరిక పాతదే. పైగా జూన్‌లో ఆయన సినిమా ‘సర్కార్ రాజ్’ రిలీజ్. డే 1, డే 2 అంటూ రోజూ రాసేవారు, చదివేవాళ్లని ‘ఎక్స్‌టెండెడ్ ఫ్యామిలీ’ అనేవారు. అమితాబ్ ఫ్యామిలీ అని పిలిస్తే కాదనే అభిమాని ఎవడు!

మే నెలలో ఆమిర్ ఖాన్ వంతు. పంచగనిలో కూర్చుని, షారుఖ్ నా కాళ్లు నాకుతున్నాడు, నేను బిస్కెట్లు పెడుతున్నానని తన బ్లాగులో రాసి, ఆ తర్వాత తీరిగ్గా షారుఖ్ అంటే కుక్క పేరని, ఆ పేరు తను పెట్టింది కాదని చెప్పారు. షారుఖ్ అభిమానులు భగ్గుమన్నారు. జోకే అన్నారు ఆమిర్, కానీ ఆ వాక్యం ఒక్క పేపరూ వదల్లేదు.

అసలు దెబ్బ 2009 జనవరిలో. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’లో పిల్లాడు అమితాబ్ ఆటోగ్రాఫ్ కోసం మరుగుదొడ్డి గుంటలో దూకి, ఒళ్లంతా మలంతో, ఫొటో మాత్రం తడవకుండా చేత్తో ఎత్తి పట్టుకుని పరిగెడతాడు. అలాంటి సినిమా గురించి ఆయన, మురికి అభివృద్ధి చెందిన దేశాల్లోనూ ఉందని బ్లాగులో రాసేసరికి విదేశీ పత్రికలు కూడా ఎత్తుకున్నాయి. అవి పాఠకుల అభిప్రాయాలు, చర్చకి పెట్టానంతే అని ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. విలేకరిని తప్పించుకోవడానికి తెరిచిన బ్లాగు, విలేకరికి ఫోన్ ఖర్చు కూడా లేకుండా చేసిందన్నమాట.

ఈ ఆట బాగా అర్థమైంది మన రామ్‌గోపాల్ వర్మకే అని నా అనుమానం. 2007లో ఆయన తీసిన ‘ఆగ్’ సినిమా ఘోరంగా పోయాక జనం తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఆయన తన బ్లాగులో ఆ కామెంట్లనే ఎత్తి రాసి, కింద ఒక్కో ముక్క జవాబిచ్చేవారు. తిట్టినవాడు తన తిట్టుకి ఏం జవాబొచ్చిందో చూసుకోవడానికైనా మళ్లీ రావాల్సిందే. అదే ధోరణి ట్విటర్‌కీ తీసుకెళ్లారు, 2014 వినాయక చవితికి గణపతి మీద వేసిన ట్వీట్లకి మాత్రం క్షమాపణ చెప్పారు.

బచ్చన్ గారు తర్వాత టంబ్లర్ అనే బ్లాగుల సైటుకి మారారు. నంబరు మాత్రం ఆపలేదు, డే 5000 దాటి కూడా ఏళ్లయింది.