శ్రీహరికోట నుంచి సెల్‌ఫోను దాకా: లైవ్ పాఠానికీ వీడియో పాఠానికీ పాత తగువు

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్01 రాకెట్ ఎడ్యుశాట్‌ను పైకి తీసుకెళ్లింది. శ్రీహరికోట అప్పటికింకా నెల్లూరు జిల్లాలోదే. అచ్చంగా చదువు కోసం మన దేశం పంపిన తొలి ఉపగ్రహం అది. దాని లైవ్ పాఠాలు అందుకోవడానికి కింద పెట్టిన టెర్మినళ్లు మాత్రం రెండు రకాలు. కొన్నిటితో అవతలి టీచరును ప్రశ్న అడగొచ్చు, మిగతావాటితో చూడటం వరకే. చూడటం వరకే ఉన్నచోట పిల్లవాడి సందేహం వాడి దగ్గరే ఉండిపోయేది. పాఠం వేళకు కరెంటు పోతే ఇక పాఠమూ లేదు.

రెండో దారీ, అంటే రికార్డు చేసిన వీడియో, అప్పటికే పడింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలను వీలున్నప్పుడు చూసుకోవచ్చు. 2017 జులైలో వచ్చిన కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’, వీడియోకు చదువుకునే మెటీరియల్, స్వీయ పరీక్ష, చర్చా వేదిక కలిపింది. ఇక్కడి చిక్కు వేరు: చేరేవాళ్లు బోలెడు, చివరిదాకా మిగిలేవాళ్లు కొందరు. ‘రేపు చూద్దాంలే’ అన్న వీడియోలన్నీ పరీక్ష ముందురోజు రాత్రి రెట్టింపు వేగంతో పరుగెడతాయి.

2020 లాక్‌డౌన్‌లో బడి టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టు ఫోన్లోకి దించేశారు. లెక్క చూడండి. సెకనుకు 1 మెగాబిట్ లాగే వీడియో కాల్‌కు గంటకు 450 ఎంబీ. 45 నిమిషాల క్లాసులు నాలుగైతే 1,350 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాకు దాంతో సరి. అన్నకూ చెల్లికీ ఒకే వేళకు క్లాసు, ఇంట్లో ఫోను ఒక్కటే అయితే ఎవరిదో ఒకరిది పోవాల్సిందే. ఆ జులైలోనే కేంద్రం ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలిచ్చింది: ఒక్కో సెషన్ 30-45 నిమిషాలు, 8వ తరగతి దాకా రోజుకు రెండు, ఆపైన నాలుగు మించొద్దని. అదే 360పీలో (తక్కువ స్పష్టతతో) 10 నిమిషాల వీడియో 40-50 ఎంబీతో తేలిపోతుంది; ఉదయగిరి కొండల వైపు సిగ్నల్ ఊగిసలాడినా తెల్లవారుజామున దించుకోవచ్చు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు పాఠాలు ముందే నింపిన ట్యాబులిచ్చింది. డేటా బాధ తీరింది. పిల్లవాడు చూశాడా, అర్థమైందా అని తేల్చే పని మాత్రం మళ్లీ టీచరు మీదే పడింది.

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఏది ఎంత అనే. పనిచేసే పాళ్లు ఇవి: వారానికి 8-10 నిమిషాల వీడియోలు మూడు, ఒక్కోదాని కింద మూడు ప్రశ్నలు, లైవ్‌కు ముందురోజు రాత్రి 8 కల్లా జవాబులు. లైవ్ 30 నిమిషాలే, 20 మందికే. ఇంటర్ ఫిజిక్స్‌లో వాలుతలం మీద జారుతున్న దిమ్మెకు ఘర్షణ బలం ఎంతంటే చాలామంది μmg అని రాస్తారు, cosθ మరిచిపోతారు. ఆ జవాబులు ముందే చేతిలో ఉంటే టీచరు నేరుగా అభిలంబ బలం (తలం దిమ్మెను లంబంగా నెట్టే బలం) బొమ్మతోనే మొదలుపెట్టొచ్చు.

చెడేది ఎక్కడంటే, వీడియో చూడనివాళ్ల కోసం లైవ్‌లో పాఠం మళ్లీ చెప్పినప్పుడు. పై వారం నుంచి చూసేవాళ్లూ మానేస్తారు. అలాంటివాళ్లకు విడిగా ఫోన్ చేయాలి, క్లాసు ఆపకూడదు. 45 నిమిషాల లైవ్ రికార్డింగునే వీడియో పాఠమని పెట్టేయడం ఇంకో పొరపాటు. అందులో మొదటి ఐదు నిమిషాలూ ‘వినపడుతోందా, వినపడుతోందా’తోనే సరి. హాజరు కూడా స్క్రీన్ మీది పేరు చూసి వేయొద్దు, వచ్చిన జవాబును బట్టి వేయాలి. పేరు వెలుగుతున్న ఫోను వంటింట్లో చార్జింగులో ఉండొచ్చు.