మెదడులో ఫాస్ఫటేజ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "లివర్ టెస్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువొచ్చింది సార్, మెదడుకేమైనా అవుతుందా?"

విశాఖ మహారాణిపేట ల్యాబుల నుంచి రిపోర్టు పట్టుకొచ్చి ఇలా అడుగుతుంటారు. ఆ అంకె ప్రధానంగా కాలేయానికి, ఎముకలకు సంబంధించింది. నాడీకణాల లోపల పనిచేసే కాల్సిన్యూరిన్, పీపీ1, పీపీ2ఏ అనే ఫాస్ఫటేజ్ ఎంజైములు వేరు. వాటిని మామూలు రక్తపరీక్షలో కొలవరు.

అపోహ: చేపలో ఫాస్ఫరస్ ఉంటుంది, తింటే ఈ ఎంజైములు బలపడి తెలివి పెరుగుతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో వంజరం అమ్మేవాళ్లకు ఈ మాట బాగా పనికొస్తుంది! చేప మంచి తిండే, సందేహం లేదు. కానీ ఫాస్ఫటేజ్ పని ప్రొటీన్ల మీదున్న ఫాస్ఫేటును ఊడదీయడం. తగిలించేవి కైనేజులు. ఈ తగిలించడం, తీయడంతోనే కణం ప్రొటీన్లను నడిపిస్తుందని చూపినందుకు శాస్త్రవేత్తలు ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

అపోహ: ఫాస్ఫటేజ్ జ్ఞాపకాలను చెరిపేస్తుంది, దాన్ని ఆపేస్తే చదివిందల్లా గుర్తుంటుంది.

సగం నిజం కాబట్టే దీన్ని వదిలించడం కష్టం. రెండు నాడీకణాలు కలిసే చోటైన సినాప్స్‌లోకి కాల్షియం ఒక్కసారిగా ఎక్కువగా వస్తే కైనేజులది పైచేయి, బంధం బలపడుతుంది. కొద్దికొద్దిగా, ఎక్కువసేపు వస్తే కాల్సిన్యూరిన్ ముందు మేల్కొంటుంది. పీపీ1ను కట్టడి చేసే ఇన్‌హిబిటర్-1 మీది ఫాస్ఫేటును అది తీసేస్తుంది. దాంతో పీపీ1కు పగ్గాలు వదులవుతాయి. సంకేతాలు అందుకునే కొన్ని గ్లుటమేట్ రిసెప్టర్లు కణపొర నుంచి లోపలికి పోయి, బంధం బలహీనపడుతుంది. పీపీ1ను అణచిన ఎలుకలు బాగా నేర్చుకున్న మాట నిజమే. అయితే మెదడు ముందు భాగంలో (ఫోర్‌బ్రెయిన్) కాల్సిన్యూరిన్ లేకుండా పెంచిన ఎలుకలు అప్పటికప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన పనుల్లో తడబడ్డాయి. పాత బంధం సడలకపోతే కొత్తది పట్టదు మరి. పరీక్షల టెన్షన్‌లో "మెమరీ టాబ్లెట్" అడిగే ఇంటర్ పిల్లలకు నేను చెప్పేది ఇదే.

పీపీ2ఏ సంగతి చూస్తే ఆ అపోహ ఇంకా తేలిపోతుంది. నాడీకణాల్లో ఉండే టౌ ప్రొటీన్ మీద ఫాస్ఫేట్లు పేరుకోకుండా చూడటంలో పెద్ద వాటా దానిదే. అల్జీమర్స్‌లో అవి పేరుకుపోయిన టౌయే చిక్కుముడులు కడుతుంది.

అపోహ: కిడ్నీ మార్పిడి తర్వాత వేసుకునే మందుకు, చేతుల వణుకుకు సంబంధం లేదు.

ఆ మందుల్లో ఒకటైన టాక్రోలిమస్ అడ్డుకునేది కాల్సిన్యూరిన్‌నే. రోగనిరోధక కణాల కోసం ఇచ్చినా, వణుకు, తలనొప్పి దాని తెలిసిన దుష్ప్రభావాలు. అలాగని సొంతంగా ఆపకండి, కొత్త కిడ్నీకే ముప్పు. రక్తంలో మందు మోతాదు పరీక్ష చేయించి, డాక్టరుకు వణుకు సంగతి చెప్పండి.